కళ్ళజోడుకి ఎంత పెట్టొచ్చు? ఆ 9,800 ఎక్కడికి పోతోంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. మీకు రెండు కళ్ళకీ మైనస్ 4.50, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, పీడీ (రెండు కనుపాపల మధ్య దూరం) 62 మి.మీ. మాల్‌లో షాపువాళ్ళు 54-18 సైజు ఫ్రేమ్ 3,900, 1.67 బ్లూ కట్ లెన్స్ 5,900, మొత్తం 9,800 అన్నారు. ఆన్‌లైన్‌లో చూస్తే 1,500కే కనబడుతోంది. నాన్నగారికి 58 ఏళ్ళు, ఆయనకి ప్రోగ్రెసివ్ (దూరం, మధ్య, దగ్గర మూడూ ఒకే లెన్స్‌లో ఉండేది) 18,000 చెప్పారు. అమెరికాలో ఉన్న మీ అక్క కూడా వచ్చినప్పుడు ఇక్కడే చేయించుకుంటానంటోంది. మోసపోతున్నామా, అసలు ఎంత పెట్టొచ్చు అని అడిగారు.

ముందు సమాధానం చెప్పేస్తాను. మీకు 3,000 నుంచి 4,000 లోపు చాలా మంచి జోడు వస్తుంది. నాన్నగారికి మొదటిసారి ప్రోగ్రెసివ్ అయితే 5,000 నుంచి 8,000 మధ్యది సరిపోతుంది, ఆయన చేసే పనిని బట్టి వెయ్యి రూపాయల బైఫోకలే (పైన దూరం, కింద దగ్గర, మధ్యలో గీత ఉండేది) ఇంకా హాయిగా ఉండొచ్చు కూడా. 9,800ని నేను మోసం అనను, వాళ్ళు చెప్పిన వస్తువే ఇస్తారు, కాకపోతే అందులో సగం మీకు అక్కర్లేనిది. 1,500ది చెడ్డదని కూడా అనను, స్పేర్‌గా ఒకటి తీసుకుని బ్యాగులో పడేసుకోండి.

మాది ఖమ్మంలో ఆప్టికల్ షాపు, దానికి ముందు హైదరాబాద్‌లో లెన్స్ ల్యాబ్‌లో గ్రైండింగ్, ఫిట్టింగ్ చేశాను. అంటే కౌంటర్ వెనకాల ఏం జరుగుతుందో, ల్యాబ్ నుంచి ఎంతకి వస్తుందో రెండూ తెలుసు. ఇక్కడ రాసే రేట్లు మా వైపు మామూలుగా నడిచేవి, మీ ఊళ్ళో ఓ రెండు మూడొందలు అటూ ఇటూ అవుతాయి.

అసలు డబ్బు ఎక్కడికి పోతుందంటే ముందు ఫ్రేమ్‌కి. షాపులో మార్జిన్ అంతా ఎక్కువగా ఉండేది దాంట్లోనే, ఈ మాట చెప్తే తోటి షాపులవాళ్ళకి కోపం రావచ్చు గానీ నిజం. ఢిల్లీ బల్లీమారాన్ నుంచి హోల్‌సేల్‌లో మూడు నాలుగు వందలకి వచ్చిన ఫ్రేమ్ షోకేస్‌లో లైట్ కింద 1,200 అవుతుంది, అద్దె, ఏసీ, స్టాఫ్ జీతాలు, అమ్ముడుపోక మూలన పడే ఫ్రేములు అన్నీ దాని మీదే కదా వేసుకోవాలి. మాల్ అయితే ఆ అద్దె ఇంకా ఎక్కువ. ఇక బ్రాండ్ ఫ్రేముల సంగతి: రేబాన్, ఓక్లీ రెండూ ఒకే కంపెనీవి, ఎస్సిలార్‌లక్సోటికా. ప్రాడా, షనెల్ పేర్లతో వచ్చే ఫ్రేములు చేసేది కూడా లైసెన్స్ మీద వాళ్ళే. వేరిలక్స్, క్రిజాల్ లెన్సులూ వాళ్ళవే, ఎస్సిలార్, లక్సోటికా 2018లో కలిసిపోయాయి. బ్రాండ్ ఫ్రేములో హింజ్ బాగుంటుంది, పాలిష్ బాగుంటుంది, కాదనను, కానీ చూపుకి దాంతో సంబంధం లేదు. ఇష్టమైతే కొనుక్కోండి, చెప్పులకీ వాచీకీ పెట్టట్లేదా. అది షోకు ఖర్చు అని తెలిసి పెట్టండి, కంటికోసం అనుకుని పెట్టకండి.

ఇప్పుడు అసలు విషయం, మీ లెన్స్. 1.50, 1.56, 1.60, 1.67, 1.74 అని చెప్తారు కదా, ఆ నంబర్‌నే ఇండెక్స్ అంటారు, అది పెరిగేకొద్దీ అదే పవర్‌కి లెన్స్ పల్చగా వస్తుంది, రేటూ పెరుగుతుంది. మా దగ్గర కోటింగ్‌తో 1.56 జత 800 నుంచి 1,200, 1.60 జత 2,000 నుంచి 3,500, 1.67 అయితే 4,000 నుంచి 7,000, 1.74 అంటే పదివేల దగ్గరకి వెళ్తుంది. మైనస్ పవర్‌లో లెన్స్ మధ్యలో పల్చగా, అంచున మందంగా ఉంటుంది కాబట్టి అంచు ఎంత లావు వస్తుందనేది పవర్‌తో పాటు ఫ్రేమ్ ఎంత పెద్దది అన్నదాని మీద కూడా ఆధారపడుతుంది. ఇది షాపులో ఎవరూ చెప్పరు, ఎందుకంటే చెప్తే 1.67 అమ్ముడుపోదు.

మీ లెక్కే వేద్దాం. ఫ్రేమ్ లోపలి వైపు కాడ మీద 54-18 అని ఉంటుంది, 54 అంటే ఒక అద్దం వెడల్పు మి.మీ.లో, 18 ముక్కు దగ్గర బ్రిడ్జి. రెండూ కలిపితే 72. మీ పీడీ 62. తేడా పది, అంటే ఒక్కో లెన్స్ సెంటర్‌ని ఐదు మి.మీ. ముక్కు వైపు జరపాలి, జరిపితే చెవి వైపు అంచు సెంటర్ నుంచి 32 మి.మీ. దూరంలో పడుతుంది. అక్కడ మైనస్ 4.50కి 1.50 లెన్స్ అయితే సుమారు ఆరున్నర మి.మీ. మందం, 1.60 అయితే ఐదు పైన, వాళ్ళు చెప్పిన 1.67 వేసినా 4.7 దాకా వస్తుంది. అదే 48-18 ఫ్రేమ్ తీసుకోండి. 66లోంచి 62 తీసేస్తే నాలుగు, ఒక్కో వైపు రెండే జరపాలి, అంచు దూరం 26 మి.మీ. ఇందులో మామూలు 1.56 వేసినా 4.4, 1.60 వేస్తే నాలుగు లోపే. చూశారా, పన్నెండొందల లెన్స్ చిన్న ఫ్రేములో, ఆరువేల లెన్స్ పెద్ద ఫ్రేములో పెడితే, పన్నెండొందలదే పల్చగా కనబడుతోంది. సెంటర్ మందం కంపెనీని బట్టి కొంచెం మారుతుంది కాబట్టి పాయింట్ తర్వాత అంకె పట్టుకుని నాతో గొడవ పడకండి, కానీ లెక్క ఇదే.

ఇంకోటి, ఇండెక్స్ పెరిగితే అన్నీ లాభాలే కావు. 1.67లో కాంతి రంగులుగా చీలడం ఎక్కువ, దాన్ని కొలిచే అంకెని ఆబే వాల్యూ అంటారు, 1.50కి 58 ఉంటుంది, 1.60కి 41 దగ్గర, 1.67కి 32 దగ్గరకి పడిపోతుంది, పాలీకార్బొనేట్‌కైతే 30. ఇది ఎంత తక్కువైతే అంచుల్లోంచి చూసినప్పుడు ట్యూబ్‌లైట్ చుట్టూ నీలం, పసుపు గీతలు అంత కనబడతాయి. కొందరికి అసలు తెలియదు, కొందరికి రోజంతా చిరాకు. అందుకే మీ పవర్‌కి నేను చెప్పేది: 48 నుంచి 50 లోపు, ముఖానికి సరిపోయే ఫ్రేమ్, గుండ్రంగా గానీ ఓవల్‌గా గానీ ఉంటే ఇంకా మంచిది, షీట్ ఫ్రేమ్ (మందపాటి ప్లాస్టిక్‌ది) అయితే అంచు మందం దానిలోనే దాక్కుంటుంది, 1.60 లెన్స్, మంచి ఏఆర్ కోటింగ్ (లెన్స్ మీద ప్రతిబింబాలు తగ్గించేది). ఫ్రేమ్ 1,200, లెన్స్ 2,500. అయిపోయింది. రిమ్‌లెస్ గానీ, కింద నైలాన్ దారం ఉండే సుప్రా గానీ ఈ పవర్‌కి వద్దు, అంచంతా బయటికే కనబడుతుంది. మైనస్ 2 లోపు వాళ్ళు ఇదంతా చదివి 1.60 అడగకండి, మీకు 1.56 కూడా ఎక్కువే. మైనస్ 7, 8 ఉన్నవాళ్ళకి మాత్రం 1.67, 1.74 నిజంగా అవసరం, వాళ్ళు ఖర్చుకి వెనకాడొద్దు, కానీ వాళ్ళకి చిన్న ఫ్రేమ్ ఇంకా ముఖ్యం.

బ్లూ కట్, అంటే స్క్రీన్ నుంచి వచ్చే నీలం కాంతిని ఆపుతుందని చెప్పి అమ్మే లెన్స్ గురించి. షాపులో ఒక పెన్ను లైట్ తీసి కార్డు మీద వేసి, మామూలు లెన్స్‌లోంచి దాటింది, మా లెన్స్‌లోంచి దాటలేదు చూడండి అంటారు. ఆ పెన్ను లైట్ 405 నానోమీటర్ల దగ్గర ఉండే ఊదారంగు లేజర్. మీ ల్యాప్‌టాప్ స్క్రీన్‌లో నీలం ఎక్కువగా ఉండేది 450 దగ్గర. తెల్లగా కనబడే బ్లూ కట్ లెన్స్ ఆ 450ని పెద్దగా ఆపదు, ఆపితే లెన్స్ పసుపుగా కనబడాలి. అంటే పెన్ను టెస్టు పాసయ్యేది వేరే కాంతికి. 2023లో కాక్రేన్ (వైద్య పరిశోధనలన్నీ కలిపి పరిశీలించే సంస్థ) వాళ్ళు 17 ట్రయల్స్ కలిపి చూసి, మామూలు లెన్స్‌తో పోలిస్తే కంప్యూటర్ వల్ల వచ్చే కంటి అలసట బ్లూ కట్‌తో తగ్గకపోవచ్చని తేల్చారు. కళ్ళు మండేది స్క్రీన్ చూస్తూ రెప్ప వేయడం మర్చిపోవడం వల్ల, ఏసీ గాలి మొహానికి కొట్టడం వల్ల. ఇప్పుడు 1.56లో బ్లూ కట్ లేని లెన్స్ కన్నా ఉన్నదే సులువుగా దొరుకుతోంది, రేటు తేడా వందో రెండొందలో అయితే వేసుకోండి, నష్టం లేదు. పదిహేనొందలు ఎక్కువంటే మాత్రం వద్దనండి.

కోటింగ్‌లో డబ్బు పెట్టాల్సింది ఏఆర్‌కి, షాపుల్లో హెచ్‌ఎంసీ అని కూడా అంటారు. రాత్రి బండి నడిపేవాళ్ళకి తేడా బాగా తెలుస్తుంది. ఉందో లేదో మీరే చూడొచ్చు, లెన్స్‌ని ట్యూబ్‌లైట్ కింద కొంచెం వాల్చి పట్టుకుంటే ప్రతిబింబం పచ్చగానో నీలంగానో మసగ్గా కనబడాలి, తెల్లగా ట్యూబ్‌లైట్ ట్యూబ్‌లైట్‌లాగే కనబడితే కోటింగ్ లేనట్టే. ఈ కోటింగ్‌కి వేడి పడదు. ఎండలో కారు డ్యాష్‌బోర్డ్ మీద పెట్టి సినిమాకి వెళ్ళి వచ్చి, లెన్స్ మీద సాలెగూడులా గీతలు వచ్చాయని వారంటీ అడుగుతారు, అది మన ఎండల్లో ప్రతి వేసవికీ ఉండే కేసే.

ఆన్‌లైన్ సంగతికి వద్దాం. తప్పేం లేదు, లెన్స్ నాణ్యత చాలావరకు బాగానే ఉంటోంది, చాలామందికి అసలు జోడు వేసుకునే స్తోమత తెచ్చింది కూడా వాళ్ళే. సమస్య కొలతలో. డాక్టర్ రాసిచ్చే చీటీలో మన దగ్గర పీడీ సాధారణంగా ఉండదు. మైనస్ 1 వాడికి పీడీ రెండు మూడు మి.మీ. తప్పినా ఏమీ తెలియదు. మీకు మైనస్ 4.50, ఒక్కో కంటికి రెండున్నర మి.మీ. తప్పిందంటే లెన్స్ కాంతిని పక్కకి ఒక ప్రిజం డయాప్టర్ (ఆ వంపుని కొలిచే యూనిట్) పైనే లాగుతుంది, సాయంత్రానికి కనుబొమల దగ్గర బరువు, తలనొప్పి. అందుకని మీరు చెప్పిన 62 ఎక్కడ కొలిచారో, ఫోన్ యాప్‌లో అయితే ఒకసారి షాపులో మీటర్‌తో కొలిపించుకోండి, కుడి ఎడమ విడివిడిగా రాయించుకోండి. ఒకటి కొంటే ఒకటి ఫ్రీ ఆఫర్ల విషయంలో ఒకటే చూడండి, మొత్తం బిల్లుని రెండుతో భాగించండి, రెండోది మీకు నిజంగా పనికొస్తేనే అది ఆఫర్.

ఇక నాన్నగారి విషయం. చత్వారం నలభై దాటిన ప్రతివాళ్ళకీ వచ్చేదే, దానికి నాలుగు దారులున్నాయి. చదవడానికి మాత్రమే వేరే అద్దాలు, పాత కేటీ బైఫోకల్ (కింద గుండ్రటి ముక్క ఉండేది), డి బైఫోకల్ (కింద డి ఆకారం ముక్క ఉండేది), ప్రోగ్రెసివ్. ప్రోగ్రెసివ్‌లో పైన దూరం, మధ్యలో కంప్యూటర్ దూరం, కింద దగ్గర, గీత కనబడదు. కానీ దాని రెండు పక్కలా కింద భాగంలో మసకగా అలలుగా ఉండే చోటు తప్పకుండా ఉంటుంది, యాభై వేలది కొన్నా ఉంటుంది, రేటు పెరిగేకొద్దీ మధ్యలో స్పష్టంగా కనబడే దారి వెడల్పు అవుతుందంతే. ఆయన యాభై ఎనిమిదేళ్ళకి మొదటిసారి వేసుకుంటున్నారంటే ఆడ్ పవర్ (దగ్గరి చూపుకి అదనంగా కలిపేది) రెండు పైనే ఉంటుంది, ఆ వయసులో అలవాటు పడటం నలభై రెండేళ్ళవాడికంటే కష్టం. మెట్లు దిగేటప్పుడు నేల తేలినట్టుంటుంది, ఓ వారం పది రోజులు ఓపిక పట్టాలి.

అందుకే ముందు అడగాల్సింది ఆయన రోజంతా ఏం చేస్తారని. మా దగ్గరికి ఒక టైలరమ్మ వచ్చింది, ఎక్కడో మాల్‌లో 14,000 పెట్టి ప్రోగ్రెసివ్ చేయించుకుంది, మిషన్ మీద కూర్చుంటే సూది దగ్గర మాత్రమే కనబడుతోంది, గుడ్డ అటు చివర ఇటు చివర మసక, మెడ తిప్పీ తిప్పీ నొప్పి. లెన్స్ మంచిదే, పవర్ కరెక్టే, ఆ పనికి అది పనికిరాదంతే. ఏడొందలకి దగ్గరి చూపు సింగిల్ విజన్ (లెన్సంతా ఒకే పవర్) చేసిచ్చాం, కుట్టేటప్పుడు అది, పెళ్ళిళ్ళకి 14,000ది. మిర్చి కమిషన్ కొట్లో లెక్కలు రాసే ఒకాయనకి డి బైఫోకల్, ఆయన కింద పుస్తకం, ఎదురుగా మనిషి, మధ్య దూరంతో పని లేదు. అదే బ్యాంకులోనో, స్కూల్లోనో, కంప్యూటర్ ముందో పని చేసేవాళ్ళైతే నిస్సందేహంగా ప్రోగ్రెసివ్.

ప్రోగ్రెసివ్ వేయిస్తే ఒక్కటి పట్టుబట్టండి. ఆయన ముఖానికి ఫ్రేమ్ పెట్టి, ముక్కు ప్యాడ్లు సరిచేసి, నిటారుగా కూర్చోబెట్టి, డమ్మీ లెన్స్ మీద మార్కర్‌తో కనుపాప ఎక్కడుందో చుక్క పెట్టాలి. ఆ ఎత్తు రెండు మి.మీ. తప్పితే 18,000ది కూడా ఆయన గడపలోనే తీసి పక్కన పెడతారు. చుక్క పెట్టకుండా ఆర్డర్ రాసుకునే చోటు నుంచి లేచి వచ్చేయండి. ఫ్రేమ్ ఎత్తు కనీసం 30 మి.మీ. ఉంటే మంచిది, సన్నటి ఫ్రేములో చదివే భాగం కోసుకుపోతుంది. కొత్త జోడు వచ్చాక లెన్స్ మీద ఊదండి, ఆవిరి పట్టినప్పుడు పేరున్న కంపెనీ ప్రోగ్రెసివ్ అయితే చిన్న చిన్న గుండ్రటి గుర్తులు, ఆడ్ పవర్, కంపెనీ గుర్తు లేజర్‌తో చెక్కినవి కనబడతాయి. లెన్స్ వచ్చిన కవరు, కార్డు కూడా అడిగి తీసుకోండి. పెద్ద కంపెనీ పేరు చెప్పి లోకల్ లెన్స్ వేసేవాళ్ళు లేకపోలేదు.

ఒక మాట, షాపులో ఫ్రీగా చేసేది పవర్ చెక్ మాత్రమే, కంటి పరీక్ష కాదు. 58 ఏళ్ళంటే షుగరు వల్ల కంటి లోపల ఏమైనా దెబ్బతిందా, గ్లకోమా, శుక్లం ఇవన్నీ డాక్టరే చూడాలి, అవసరమైతే చుక్కలు వేసి. ఫీజు మూడు నుంచి ఆరు వందలు, దీంట్లో మిగల్చకండి. శుక్లం ముదురుతుంటే పవర్ కొన్ని నెలలకే మారిపోతుంది, అప్పుడు మీ 18,000 గాలికే. డబ్బు ఇబ్బందిగా ఉన్నవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, ఎల్‌వీ ప్రసాద్ వాళ్ళ విజన్ సెంటర్లు చిన్న ఊళ్ళలో కూడా ఉన్నాయి, ప్రభుత్వ ఆసుపత్రిలో కంటి విభాగానికైనా వెళ్ళండి. కంటి వెలుగు క్యాంపుల్లో ఉచితంగా ఇచ్చిన చదివే అద్దాలు ఇప్పటికీ పెట్టుకుని మా షాపుకి స్క్రూ బిగించుకోవడానికి వచ్చే పెద్దవాళ్ళున్నారు, వాళ్ళకి వాటితో పేపర్ చక్కగా కనబడుతోంది, మార్చుకోమని నేనెప్పుడూ అనలేదు. రోడ్డు మీద 150కి దొరికే రెడీమేడ్ అద్దాలు కూడా రెండు కళ్ళకీ ఒకే పవర్ ఉండి, సిలిండర్ (ఆస్టిగ్మాటిజం పవర్) లేకపోతే చదవడానికి పనికొస్తాయి. అది పెట్టుకుని బండి మాత్రం నడపకూడదు.

అక్క విషయం. అమెరికాలో కంటి పరీక్ష అవగానే అడగకుండానే ప్రిస్క్రిప్షన్ చేతికివ్వాలని అక్కడ ఎఫ్‌టీసీ (వినియోగదారుల హక్కులు చూసే ప్రభుత్వ సంస్థ) రూల్ ఉంది, దానికి విడిగా డబ్బు తీసుకోకూడదు. అది తీసుకుని రమ్మనండి, పీడీ అందులో ఉండకపోవచ్చు, ఇక్కడ కొలుస్తారు. ఇక్కడ మళ్ళీ చెక్ చేయించుకుంటే రెండు చీటీలూ తేడాగా కనబడి కంగారు పడుతుంటారు. మైనస్ 4.00 మీద మైనస్ 0.50 సిలిండర్, యాక్సిస్ (అది ఉండే కోణం) 180 అన్నా, మైనస్ 4.50 మీద ప్లస్ 0.50 యాక్సిస్ 90 అన్నా ఒకటే, రాసే పద్ధతి వేరు. తిరుగు ప్రయాణానికి రెండు రోజుల ముందు ఆర్డర్ ఇవ్వకండి, వచ్చిన వారంలోనే ఇచ్చేయండి. షాపులో సిద్ధంగా ఉండే పవర్లయితే గంటలో అయిపోతుంది గానీ సిలిండర్ ఎక్కువున్నా, ప్రోగ్రెసివ్ అయినా ల్యాబ్ నుంచి రావాలి, వచ్చాక వేసుకు తిరిగి చూసి, కాడలు వంచాలన్నా, ఎత్తు సరిచేయాలన్నా మనిషి ఇక్కడుండాలి కదా.

బిల్లు దగ్గర చివరిగా రెండు. కళ్ళజోడు, లెన్సులు, ఫ్రేముల మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 12 శాతం కాదు, 5 శాతమే. పాత రేటు కార్డు చూపిస్తుంటే అడగండి. బిల్లులో ఫ్రేమ్ విడిగా, లెన్స్ విడిగా, లెన్స్ కంపెనీ, ఇండెక్స్, కోటింగ్ పేరుతో రాయించుకోండి, "స్పెక్ట్స్ 1 నం." అని ఒక్క లైన్ బిల్లు తీసుకుంటే తర్వాత దేనికీ అడగలేరు. పాత ఫ్రేమ్ బాగుంటే లెన్సులు మాత్రం మార్చమనండి, కొందరు షాపువాళ్ళు విరిగితే మా పూచీ లేదంటారు, మెటల్ ఫ్రేమ్ అయితే భయం లేదు, ఏళ్ళ నాటి షీట్ ఫ్రేమ్ అయితే వాళ్ళు చెప్పేది నిజమే, వేడి చేస్తే పటుక్కుమంటుంది.

మీ చీటీలో సిలిండర్, యాక్సిస్ కూడా ఉంటే కింద రాయండి, నాన్నగారి ఆడ్ పవర్, ఆయన ఏం పని చేస్తారో కూడా రాయండి. డి బైఫోకలా ప్రోగ్రెసివా అన్నది అవి చూసి చెప్తాను.